పండుగకు పిలవని అల్లుడు

గోదావరి జిల్లాలలో సంక్రాంతికి అల్లుణ్ణి పిలవకపోవడం ఎంత పెద్ద మాటో బయటి ప్రాంతాలవారికి ఒక పట్టాన తెలియదు. కొత్త అల్లుడైతే చెప్పనే అక్కరలేదు. భోగి నాటికి బండి గుమ్మం ముందు ఆగాలి, కనుమ వెళ్ళేదాకా కదలకూడదు. విస్తట్లో నూరు రకాలు వడ్డించి ఛాయాచిత్రాలు పత్రికలకు పంపడం ఈ మధ్య వచ్చిన వేడుకే కానీ, పిలుపు మాత్రం పాతది. పిలుపు రాలేదంటే రెండిళ్ళ మధ్య ఏదో తెగిందని ఊరంతా చెప్పుకుంటుంది. ఈ సంగతి కాస్త మనసులో ఉంచుకోండి. నేను చెప్పబోయేది ఒక జపాను టీవీ ధారావాహిక గురించి. అందులో అల్లుడి స్థానంలో ఉన్నవాడొకడు పండుగకు పిలుపు అందుకున్నాడు, మరుసటి ఏడు ఆ పిలుపు పోగొట్టుకున్నాడు.

ధారావాహిక పేరు "కినో నాని తబెతా?" - అంటే "నిన్న ఏం తిన్నావు?" అని. ఫుమి యోషినాగా అనే రచయిత్రి 2007 నుంచి ఒక వారపత్రికలో గీస్తూ వచ్చిన బొమ్మల కథకు ఇది తెర రూపం. 2019 వసంతంలో టీవీ టోక్యో దీన్ని 12 భాగాలుగా ప్రసారం చేసింది. షిరో అనే న్యాయవాది, కెంజీ అనే క్షురకుడు, ఇద్దరూ నలభై దాటినవారు, ఒకే ఇంట్లో దంపతుల వలె ఉంటారు. షిరోగా వేసిన హిదెతోషి నిషిజిమాను "డ్రైవ్ మై కార్" చిత్రంలో చూచినవారు మనలో చాలామంది ఉంటారు. కథ అంతా వంటింట్లోనే. షిరో నెలకు 25 వేల యెన్లలో ఇద్దరి తిండి ఖర్చు సరిపెట్టాలని పంతం పట్టినవాడు. ఏ దుకాణంలో ఏది చవకో వెదుక్కుంటూ తిరుగుతాడు. పుచ్చకాయ మొత్తం కొంటే దండగ అని, ముక్కూ మొగమూ తెలియని ఒక గృహిణితో సగం సగం పంచుకుంటాడు. ఆమె ఇతణ్ణి ఏ దుర్బుద్ధితో వచ్చినవాడో అని భయపడితే, ఆ భయం తీర్చడానికి తాను ఎటువంటివాడో చెప్పవలసి వస్తుంది. కార్యాలయంలో ఎవరికీ చెప్పని మాట పుచ్చకాయ దగ్గర చెప్పాడన్నమాట! ఆ స్నేహం చివరిదాకా నిలుస్తుంది. నాకు ఈ కథలో అన్నిటికన్న నచ్చినది ఆ స్నేహమే.

ఇక తల్లిదండ్రులు. వారికి కొడుకు సంగతి తెలుసు. తల్లి తెలిసిన కొత్తలో తల్లడిల్లింది, తరువాత తనను తాను సరిచేసుకోవడానికి పట్టుదలగా ప్రయత్నించింది. మొదటి భాగంలోనే ఆవిడ కొడుకుతో ఒక మాట అంటుంది: నువ్వు నేరస్థుడివైనా సరే, మగవాళ్ళను ప్రేమించేవాడివైనా సరే, మేము నిన్ను స్వీకరిస్తాము అని దాని సారాంశం. ప్రేమతోనే అంటుంది, సందేహం లేదు. కానీ ఆ రెండింటినీ ఒకే తక్కెడలో ఎందుకు వేసిందో ఆవిడకే తెలియదు. నేను అక్కడ ఆపి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూచాను. ఎందుకంటే జపానులో అది నేరం కాదు. ఆవిడ పుట్టేనాటికి కాదు, ఆవిడ తల్లి పుట్టేనాటికీ కాదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. ఎదో కాలంలో ఇటువంటి ప్రేమ అక్కడ దాచుకోవలసిన విషయమే కాదు. ఇహారా సైకకు 1687లో మగవారి మధ్య ప్రేమల మీదనే 40 కథల సంపుటి ప్రకటించాడు. కొన్ని సమురాయిలవి, కొన్ని కబుకి నటులవి. మెయిజీ ప్రభుత్వం వచ్చి పాశ్చాత్యుల ముందు నాగరికులుగా కనబడాలన్న ఆత్రంలో 1872-73లలో దానిని శిక్షార్హం చేసింది. శిక్ష 90 రోజుల నిర్బంధం. అయితే తరువాత కొత్త శిక్షాస్మృతి రాయడానికి పిలిపించిన ఫ్రెంచి న్యాయవేత్త బొయ్‌సొనాద్ సలహాతో 1880 నాటి స్మృతిలో ఆ నేరాన్ని వదిలేశారు. 1882 జనవరి 1న కొత్త స్మృతి అమలులోకి వచ్చింది. పదేళ్ళు కూడా నిండని చట్టం అది. ఆ తరువాత నూటముప్పయ్యేళ్ళకు పైగా జపానులో ఇద్దరు మగవారు కలిసి బతికితే పోలీసు తలుపు తట్టిన పని లేదు.

మన సంగతి చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినది 1852లో. దాని తరువాత సరిగ్గా పదేళ్ళకు, 1862 జనవరి 1న, భారత శిక్షాస్మృతి అమలులోకి వచ్చింది. మెకాలే చిత్తు రాసి పెట్టిన పాతికేళ్ళకు. అందులో 377వ సెక్షను "ప్రకృతి విరుద్ధ" సంగమానికి యావజ్జీవ శిక్ష దాకా విధించవచ్చునన్నది. అప్పటికి గోదావరి జిల్లా ఏర్పడి మూడేళ్ళు. కొవ్వూరు రేవులో స్నానం చేసి గట్టెక్కినవాడు ఒక్క అడుగు అటూ ఇటూ వేయకుండానే ఆనాడు నేరస్థుడయ్యాడు. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు తీర్పుతో నేరస్థుడు కాకుండా పోయాడు. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దానిని కొట్టివేయడంతో మళ్ళీ అయ్యాడు. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా కాడన్నారు. ఆ వ్యాజ్యంలో గట్టిగా వాదించిన మేనకా గురుస్వామి హైదరాబాదులో పుట్టినవారే. (మా కొవ్వూరు కూడా 2022లో నది దాటకుండానే పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి వెళ్ళిపోయింది. ప్రభుత్వాలు మనల్ని కదలకుండానే కదిలించగలవు.)

నిజాము రాజ్యంలో మరొక చట్టం ఉండేది: 1329 ఫసలీ నాటి, అంటే 1919 నాటి, నపుంసకుల చట్టం. వారి పేర్లు పోలీసు పట్టీలో రాయించాలి. ఆడవేషంలో వీధిలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాము పోయినా, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి విడిపోయినా ఆ కాగితం మాత్రం బతికే ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. నూటనాలుగేళ్ళు!

మన దగ్గర ఈ ప్రసంగం ఎప్పుడు వచ్చినా మాటలన్నీ ఈ సెక్షన్ల చుట్టూ తిరిగి అక్కడే ఆగిపోతాయి. నా ఉద్దేశంలో జపాను ధారావాహిక మనకు పనికివచ్చేది ఇక్కడే. చట్టం అడ్డు లేని చోట కూడా ఆ తల్లి నోట నేరస్థుడన్న మాట వచ్చిందంటే, అడ్డు మరొకచోట ఉన్నదన్నమాట. 1993 శరత్తులో నిప్పన్ టెలివిజన్ ప్రసారం చేసిన "దోసోకై" (పూర్వ విద్యార్థుల సమ్మేళనం అని అర్థం) అనే ధారావాహికలోనూ ఇదే కనబడుతుంది. యుమికో ఇనోఉఎ రచన. బడిలో కలిసి చదువుకున్న స్నేహితులు. ఒక అమ్మాయి ఎన్నాళ్ళుగానో ప్రేమించిన యువకుణ్ణి పెళ్ళాడుతుంది. అతడి మనసు మగవారి మీద ఉన్నదని తరువాత తెలుస్తుంది. అతణ్ణి పెళ్ళిపీటల మీదికి పంపినది ఏ పోలీసూ కాదు. పెళ్ళి చేసుకున్నవాడే మనిషి అన్న నమ్మకం పంపింది. ఆ పెళ్ళిలో అతడికన్న ఎక్కువ నష్టపోయినది ఆ అమ్మాయి. మన ఇళ్ళలో ఇటువంటి అమ్మాయిలు ఎందరో.

మన పురాణాలలో లేనిదేముంది అనేవారున్నారు. నదికి అవతల ఆత్రేయపురం మండలంలో ర్యాలి ఉంది కదా, ముందు నుంచి చూస్తే కేశవుడు, వెనుక నుంచి చూస్తే జగన్మోహిని, ఒకే శిల! హరిహరుల కలయికకు పుట్టినవాడు అయ్యప్ప కదా! విరాటుని కొలువులో బృహన్నల లేడా! ఇవన్నీ నిజమే, ర్యాలి విగ్రహం ముందు నిలబడి నేనూ చాలాసేపు తన్మయుణ్ణయ్యాను. అయితే ఒక్కటి గమనించండి. శివుడు మోహించడానికి విష్ణువు ముందు ఆడరూపం ధరించాలి. అర్జునుడి పేడితనం ఒక్క ఏడాది అజ్ఞాతవాసంతో సరి. గోగ్రహణం నాటికి మళ్ళీ గాండీవం చేతికి వస్తుంది. ఇద్దరూ మగవారుగా ఉంటూనే ఒకరినొకరు కోరుకుని, కలిసి ముసలివారై, ఒకరికొకరు వండిపెట్టుకున్న కథ వీటిలో లేదు. కనుక ఈ కథలను సాక్ష్యంగా చూపి మన పూర్వులు అన్నీ అంగీకరించారనడం నాకు సమ్మతం కాదు.

రంగస్థలం సంగతీ అంతే. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా నడిచి వస్తుంటే ఆడవారు ఆయన చీరకట్టు చూచి నేర్చుకునేవారట. 1956లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించారు. కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామ ముందు నిజమైన భామలు వెలవెలబోయేవారు. మగవాడిలోని ఆడతనాన్ని మనవాళ్ళు అంతగా ఆరాధించారు. కానీ అది తెర దించేదాకానే. వేషం వేరు, మనసు వేరు. ఆ కళాకారులను ఈ చర్చలోకి సాక్షులుగా లాగడం వారికీ న్యాయం కాదు.

అసలు మనకు మాట ఏది? "స్వలింగ సంపర్కం" అన్నది ఆసుపత్రి కాగితం మీదనో అభియోగ పత్రం మీదనో రాయవలసిన మాట. అందులో సంపర్కమే ఉంది, నిన్న ఏం తిన్నావని అడిగే మనిషి లేడు. వీధిలో వినబడే మాటలు తిట్లు, ఇక్కడ రాయను. మా వైపు ప్రాణస్నేహితుడు, జతగాడు అన్న చక్కని మాటలున్నాయి. కానీ వాటి వెనుక దాక్కోవచ్చు గానీ నిలబడలేము. జపానువారికీ ఈ ఇబ్బంది ఉన్నట్టుంది, ఆంగ్లం నుంచి అరువు తెచ్చుకున్న రెండక్షరాలతో కాలం గడుపుతున్నారు.

మాట లేకపోతే హక్కు అడగడం కష్టం. ధారావాహికలో ఒక ఉపకథ ఉంది. షిరో దగ్గరకు ఒక పెద్దాయన వచ్చి, తాను సంపాదించినదంతా తన సహచరుడికే చెందాలి, పల్లెలో ఉన్న తల్లిదండ్రులకు ఒక్క యెన్ కూడా పోరాదు, దారి చెప్పమంటాడు. ఉన్న దారి దత్తత! జపానులో పెద్దవారిని కూడా దత్తత చేసుకోవచ్చు. వయసులో ఒక్కరోజు పెద్ద అయినా చాలు. అలా ఎందరో సహచరులు కాగితం మీద తండ్రీకొడుకులై, ఒకే కుటుంబ పట్టీలో చేరారు. దత్తతల తగవులతో తరాలు గడిపిన గోదావరి జిల్లాలవారికి ఇది చెబితే నవ్వుతారు, కానీ అర్థం చేసుకుంటారు. మనకు ఆ కిటికీ కూడా లేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం, ఆచారం ఉంటే తప్ప, పదిహేనేళ్ళు నిండినవారిని దత్తు తీసుకోకూడదు. వీలునామా ఒక్కటే మిగిలింది. దాని మీద అన్నదమ్ముల బిడ్డలు వ్యాజ్యం వేయకుండా ఉంటే.

2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో ఇద్దరు మగవారు, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్, బంధుమిత్రుల ఎదుట పెళ్ళి చేసుకున్నారు. ఒకరు బెంగాలీ, ఒకరు పంజాబీ. రెండు పద్ధతులూ పాటించారు. పత్రికలన్నీ రాశాయి. మరుసటి ఏడు ఆ పెళ్ళికి చట్టం గుర్తింపు కావాలని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అందుకే ఆ ప్రసిద్ధ వ్యాజ్యానికి సుప్రియో పేరే ఉన్నది. 2023 అక్టోబరు 17న తీర్పు. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ అన్నారు. పెళ్ళి కాకపోయినా కలిసి బతికే బంధానికి ప్రభుత్వం గుర్తింపు ఇవ్వవలసినదేనని ఇద్దరన్నారు, ముగ్గురు కాదన్నారు. ఆ ముగ్గురిలో ఒకరు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన హిమా కోహ్లి, మరొకరు మన పి.ఎస్. నరసింహ. పునస్సమీక్ష కోరిన అర్జీలను 2025 జనవరి 9న తోసిపుచ్చారు. జపానులోనూ ఇదే తగవు నడుస్తున్నది: 2015లో టోక్యోలోని షిబుయా, సెతగాయా పురపాలక సంఘాలు పత్రాలివ్వడం మొదలుపెట్టాయి, 2021 మార్చిలో సప్పొరో జిల్లా న్యాయస్థానం గుర్తింపు నిరాకరించడం రాజ్యాంగానికి విరుద్ధమన్నది.

నా చిన్ననాటి మిత్రుడొకడు దూరదేశంలో ఉంటాడు. పన్నెండేళ్ళుగా ఒకే సహచరుడు. వాళ్ళమ్మగారికి ఆ అబ్బాయి "రూమ్మేటు". ఏటా వేసవిలో ఆవిడ ఆవకాయ జాడీలు రెండు కట్టిస్తుంది, ఒకదానిలో కారం తక్కువ, "ఆ అబ్బాయి మన కారం తినలేడుగా" అని. ఇంతకు మించి ఆవిడ ఎన్నడూ అడగలేదు, వీడు చెప్పలేదు. కొన్నేళ్ళ క్రితం మిత్రుడి తండ్రి పోయారు. ఇద్దరూ కలిసి వచ్చారు. పన్నెండో రోజున గోష్పాద క్షేత్రం రేవులో కర్మ అయిన తరువాత ఇంటికి వచ్చాము. కర్తకు అత్తవారు కొత్త బట్టలు పెట్టడం మన ఆచారం. పెళ్ళికానివాడికి అత్తవారెవరు? మేనమామగారు పెడతారులే అని పెద్దలు సర్దుకుంటున్నారు. అప్పుడు ఆవిడ లోపలినుంచి ఒక పంచెల చాపు తెచ్చి, గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఆ అబ్బాయి చేతిలో పెట్టి, "నువ్వు పెట్టు నాయనా" అన్నది. పురోహితుడు ఒక్క క్షణం ఆగి, మంత్రం చదివాడు. మేనమామగారు పెరట్లోకి వెళ్ళిపోయారు. భోజనాలకు మాత్రం వచ్చారు.

అందరి ఇళ్ళలో ఇలా జరగదు. ఆడపిల్లల విషయంలో అయితే మరీను. 2018 ఫిబ్రవరిలో, ఇంకా 377 అమలులో ఉండగానే, ప్రశాంత్ వర్మ "అ!" చిత్రంలో ఒక అమ్మాయి తాను ప్రేమించిన మరొక అమ్మాయిని తల్లిదండ్రులకు పరిచయం చేసే ఘట్టం పెట్టాడు. నిత్యా మీనన్, ఈషా రెబ్బా చేశారు. అబ్బాయి వస్తాడని ఎదురుచూస్తున్న ఆ తల్లిదండ్రుల మొహాలు చూచి హాలులో నవ్వారు, తరువాత నవ్వడం మానేశారు. ధైర్యమే. కానీ చిత్రం ముగిసేసరికి ఆ పాత్రలన్నీ ఒకే స్త్రీ మనసులోని నీడలని తేలుతుంది. తెలుగు తెర మీద దాపరికం లేకుండా కలిసి కూర్చున్న ఒక జంట, చివరికి ఊహ అయిపోవడం నాకు కొంచెం కష్టమనిపించింది.

ఊహ కాని జంట కథ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పత్రాలలో ఉంది. ఇద్దరు యువతులు విజయవాడలో కలిసి ఉంటున్నారు. ఒకామెను తండ్రి నర్సీపట్నంలోని తన ఇంటికి తీసుకుపోయి నిర్బంధించాడు. రెండవ ఆమె హెబియస్ కార్పస్ వ్యాజ్యం వేసింది. 2024 డిసెంబరులో న్యాయమూర్తులు రఘునందనరావు, మహేశ్వరరావుల ధర్మాసనం ఆమెను పిలిపించి విన్నది. యుక్తవయస్సు వచ్చిన మనిషి ఎవరితో ఉండాలో తానే నిర్ణయించుకోవచ్చునని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని చెప్పింది. తల్లిదండ్రుల మీద ఇచ్చిన ఫిర్యాదు తాను ఉపసంహరించుకుంటానని ఆ అమ్మాయి చెప్పడంతో వారి మీద చర్య అక్కరలేదన్నది. బంధించిన ఇంటి మీద కూడా ఆమె కేసు నడపదలచుకోలేదు. తీర్పులో నాకు అన్నిటికన్న ఎక్కువగా గుర్తుండిపోయినది ఆ వాక్యమే.

షిరో కథ ఎక్కడ ఆపాను? 2019 భాగాల చివర కెంజీ కొత్త సంవత్సరానికి షిరో ఇంటికి భోజనానికి వెళ్ళాడు. తిరిగి వస్తూ దారిలో ఆనందం పట్టలేక ఏడ్చాడు. ప్రేమించినవాడి ఇంట్లో, అతడి తల్లిదండ్రులతో కూర్చుని అన్నం తినడం తన జన్మలో జరుగుతుందని అనుకోలేదు. 2021 నవంబరులో వచ్చిన చలనచిత్రంలో షిరో అతణ్ణి క్యోటో విహారానికి తీసుకువెళ్తాడు. కెంజీకి అనుమానం వస్తుంది, పిసినారివాడు ఇంత ఖర్చు ఎందుకు పెడుతున్నాడని. అప్పుడు చెబుతాడు: నిరుడు నువ్వు వచ్చి వెళ్ళిన తరువాత అమ్మ మంచం పట్టింది, ఈసారి నిన్ను తీసుకురావద్దన్నారు. తల్లి చెడ్డది కాదు. ఆవిడ చక్కగా వండి, చిరునవ్వుతో వడ్డించి, అతిథి గుమ్మం దాటిన తరువాత కూలిపోయింది. షిరో ఆ పండుగలు ఇకపై కెంజీతో తన ఇంట్లోనే చేసుకుంటానని తల్లిదండ్రులకు చెప్పేస్తాడు. చెప్పి, ఆ సాయంత్రం వంటకు ఏమేమి కావాలో పట్టీ రాసుకుని అంగడికి వెళ్తాడు.